ఒళ్లంతా నొప్పులు, రిపోర్టులన్నీ నార్మల్: ఫైబ్రోమయాల్జియాను గుర్తుపట్టే పద్ధతి

వరంగల్‌లో ఎముకల డాక్టర్ల ఓపీలో కాసేపు కూర్చుంటే లావుపాటి ప్లాస్టిక్ కవరు ఒకటి కచ్చితంగా కనబడుతుంది. మెడ ఎక్స్‌రే, నడుము ఎమ్మారై, కీళ్లవాతం పరీక్ష, థైరాయిడ్, క్యాల్షియం, అన్నీ కలిపి కొన్నేళ్ల కాగితాలు. దాన్ని ఒళ్లో పెట్టుకున్నావిడ చెప్పేది ఒకటే మాట: "పెయ్యంత నొప్పులే సార్, ఫలానా జాగా అని చెప్పరాదు." డాక్టరు కాగితాలు తిరగేసి "అన్నీ నార్మలే ఉన్నాయమ్మా, టెన్షన్ తగ్గించుకో" అంటారు. ఆవిడ బయటికొచ్చి పక్కావిడను ఇంకో డాక్టరు పేరు అడుగుతుంది.

ఇలా తిరిగేవాళ్లందరిదీ ఫైబ్రోమయాల్జియా కాదు. కానీ అది ఉన్నవాళ్లలో చాలామందికి ఆ పేరు చెవిన పడేసరికి ఏళ్లు గడిచిపోతాయి. ఈలోగా ఎన్ని సెలైన్లు ఎక్కుతాయో, ఎన్ని నొప్పి మాత్రలు మింగుతారో, ఇంట్లో ఎన్ని మాటలు పడతారో లెక్క ఉండదు.

ఈ జబ్బులో కండరం చిరగదు, కీలు అరగదు. నొప్పి కబురును అందుకునే వెన్నుపాము, మెదడు అతిగా స్పందించడం మొదలుపెడతాయి. మామూలు ఒత్తిడిని కూడా పెద్ద నొప్పిగా లెక్కగడతాయి. అందుకే ఎక్స్‌రేలో, రక్త పరీక్షలో ఏమీ దొరకదు, అయినా నొప్పి మాత్రం నిజం. నూటికి 2 నుంచి 4 మందికి ఉంటుందని అంచనా. ఆడవాళ్లలో ఎక్కువ. ప్రమాదం, ఆపరేషన్, గట్టి జ్వరం, ఇంట్లో పెద్ద దుఃఖం తర్వాత మొదలైనవాళ్లున్నారు. ఏ కారణమూ లేకుండా మెల్లమెల్లగా ముదిరినవాళ్లూ ఉన్నారు. కొన్ని కుటుంబాల్లో తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ కనబడుతుంది.

జబ్బును తేల్చాల్సింది డాక్టరే. మీ చేతిలో ఉన్నది లక్షణాలను సరిగ్గా గమనించి, డాక్టరు ఐదు నిమిషాల్లో పట్టుకోగలిగేలా ఒక కాగితం మీద పెట్టడం. కింద చెప్పేదంతా ఆ కాగితం కోసమే.

1. మనిషి బొమ్మ గీసి నొప్పిచోట్లు నింపండి

పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు మనిషి బొమ్మ ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి గీయండి. అందంగా రానక్కర్లేదు. గడిచిన 7 రోజుల్లో ఎక్కడెక్కడ నొప్పి వచ్చిందో అక్కడ పెన్సిల్‌తో నింపండి. నిన్న వచ్చి ఇవాళ పోయినదైనా సరే, నింపాల్సిందే.

డాక్టర్లు లెక్కపెట్టే చోట్లు మొత్తం 19. కుడి, ఎడమ రెండు వైపులా దవడ, భుజం, మోచేతి పైభాగం, మోచేతి కిందిభాగం. అలాగే రెండు వైపులా తుంటి, తొడ, మోకాలి కింద పిక్క భాగం. ఇవి 14. ఇక మధ్యలో మెడ, పైవీపు, నడుము, ఛాతీ, కడుపు. ఒక్కో చోటుకు 1 చొప్పున కూడితే మీ నొప్పి లెక్క 0 నుంచి 19 మధ్యలో ఎక్కడో తేలుతుంది. ఆ అంకెను కాగితం మూల రాసి పెట్టుకోండి, తర్వాత అవసరం.

ఇప్పుడు బొమ్మను కాస్త దూరంగా పెట్టి చూడండి. ఫైబ్రోమయాల్జియాలో నొప్పి కుడి పైభాగం, ఎడమ పైభాగం, కుడి కిందిభాగం, ఎడమ కిందిభాగం, నడిమి భాగం అనే ఐదింటిలో కనీసం నాలుగింటికి పాకి ఉంటుంది. పైగా 3 నెలలకు తగ్గకుండా ఉండాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా వేరే కారణం వెతకడమే మంచిది.

మన దగ్గర ఈ మెట్టు దగ్గరే చాలామంది తికమకపడతారు. ఎందుకంటే ఇక్కడ ఒళ్లు నొప్పులు లేని మనిషి తక్కువ. జగిత్యాల, కామారెడ్డి, నిజామాబాద్ వైపు చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టే ఆడవాళ్లకు మెడ, భుజాలు, వేళ్లు గుంజుతాయి. పత్తి ఏరేవాళ్లకు ఆ సీజన్ అంతా నడుము పట్టేస్తుంది. సిరిసిల్లలో మరమగ్గం ముందు నిలబడేవాళ్లకు పిక్కలు, గోదావరిఖని గనుల్లో దిగేవాళ్లకు నడుము, మోకాళ్లు. మేడారం నడిచి వచ్చాక వారం పాటు కాళ్లు పీకడం అందరికీ ఉన్నదే. ఇవన్నీ పనితో వచ్చిన నొప్పులు. ఏ భాగం శ్రమపడిందో ఆ భాగమే నొస్తుంది, పని ఆగితే కొన్నాళ్లకు తగ్గుతుంది.

ఫైబ్రోమయాల్జియా ఆ లెక్కకు లొంగదు. బీడీలు చుట్టే చేతితో పాటు, చాప మీద కదలకుండా ఉన్న కాలి పిక్క కూడా నొస్తుంది. పత్తి సీజన్ అయిపోయి నెలలైనా నొప్పి పోదు, చోటు మారుతుంది. శ్రమకు, నొప్పికి పొంతన కుదరకపోవడం నా దృష్టిలో మొట్టమొదటి గట్టి ఆనవాలు.

2. నొప్పి తీరు రాయండి, మీ మాటల్లోనే

"బాడీ పెయిన్స్" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. ఇంట్లో ఎలా చెప్పుకుంటారో అలాగే రాయండి. గుంజుతున్నదా, సలుపుతున్నదా, మండుతున్నదా, సూదులు పొడిచినట్టుందా, తిమ్మిరెక్కుతున్నదా. ఈ జబ్బులో ఇవి కలగలిసి ఉంటాయి. ఎక్కువమంది చెప్పేది లోపల కండరాల్లో మొద్దుగా సలుపు, పైన చర్మం మీద మంట.

తాకితే నొప్పి ఉందా అన్నది ప్రత్యేకంగా చూసుకోండి. చాలామంది దీన్ని చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. బిగుతు జాకెట్టు చేతి దగ్గర ఒరుసుకుంటే నొప్పి. గాజులు ఎక్కించుకుంటే నొప్పి. మనవడు వచ్చి మెడ చుట్టూ చేతులేస్తే ప్రేమకన్నా ముందు నొప్పి తెలుస్తుంది. బీపీ చూసేటప్పుడు పట్టీ బిగిస్తే "అమ్మా" అని అరుస్తారు. "పెయ్యంత పచ్చిపుండు లెక్క ఉంది" అని పల్లెల్లో అనే మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. మామూలుగా నొప్పి పుట్టించని స్పర్శ కూడా నొప్పి పుట్టిస్తోందంటే నాడీ వ్యవస్థ అతిగా స్పందిస్తోందని అర్థం.

వాపు సంగతి జాగ్రత్తగా చూడాలి. పొద్దున లేవగానే చేతులు ఉబ్బినట్టు, వేళ్లు ముడుచుకోనట్టు అనిపించడం ఫైబ్రోమయాల్జియాలో మామూలే. కానీ కళ్లతో చూస్తే వాపు కనబడదు, కీలు ఎర్రగా వేడిగా ఉండదు. అనుమానం ఉంటే పగటి వెలుగులో చేతులు రెండూ ఫోటో తీసి పెట్టుకోండి. నిజంగా వాపు ఉంటే ఫోటోలో తెలిసిపోతుంది, అప్పుడు దారి వేరు. దాని గురించి ఆరో మెట్టులో చెప్తాను.

ఇంకొకటి: నొప్పి రోజూ ఒక్క తీరుగా ఉండదు. మంచి రోజు దొరికిందని మూడు బకెట్ల బట్టలు ఉతికి, ఇల్లంతా దులిపితే ఆ రోజుకు బాగానే ఉంటుంది. మర్నాడో ఎల్లుండో మంచం దిగలేరు. ముసురు పట్టిన రోజులు, చలి, నిద్ర చెడిన రాత్రి, ఇంట్లో గొడవ కూడా నొప్పిని పెంచుతాయి. ఏ రోజు ఎంతుందో 10కి మార్కులేసి, ముందు రోజు ఏం చేశారో పక్కన ఒక్క ముక్క రాస్తే రెండు వారాల్లో మీ నొప్పి నడక మీకే తెలుస్తుంది.

3. నిద్ర: ఎన్ని గంటలు పడుకున్నారని కాదు, ఎలా లేచారని

ఇది పట్టించుకోని లక్షణం. డాక్టరు "నిద్ర పడుతుందా" అంటే "పడుతుంది" అంటారు, అక్కడితో ఆ సంగతి అయిపోతుంది. అడగాల్సింది లేచినప్పటి సంగతి. ఎనిమిది గంటలు పడుకున్నా "రాత్రంతా వరి నాటేసి వచ్చినట్టుంది" అంటూ లేస్తే, అది సేద తీర్చని నిద్ర. ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఇది ఉంటుంది. నిద్ర చెడితే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే నిద్ర చెడుతుంది.

ఇక్కడ రెండు వేరే జబ్బులను విడదీయాలి. గట్టిగా గురక పెట్టి, మధ్యమధ్య ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తుంటే అది నిద్రలో శ్వాస ఆగే సమస్య కావచ్చు. ఇది మీకు తెలియదు, పక్కన పడుకున్నవాళ్లను అడగాలి. రెండోది, సాయంత్రం కూర్చున్నా పడుకున్నా కాళ్లు కదిలించకుండా ఉండలేకపోవడం, లేచి నాలుగడుగులు వేస్తే హాయిగా ఉండటం. ఇది కాళ్ల అశాంతి. ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గినా ఇలా అవుతుంది, మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఉందో తెలిసిందే. ఈ రెండూ ఫైబ్రోమయాల్జియాతో కలిసి ఉండవచ్చు కూడా, కానీ వాటికి వేరే మందు ఉంది కాబట్టి విడిగా చెప్పాలి.

4. అలసట, మతిమరుపు

అలసట అంటే పని చేశాక వచ్చేది అందరికీ తెలుసు. ఇది వేరు. స్నానం చేసి, జడ వేసుకునేసరికే కూలబడాలనిపిస్తుంది. బతుకమ్మ ఆడిన రాత్రి తర్వాత రెండు రోజులు లేవలేకపోవడం, పెళ్లికి పోవాలంటే ముందే భయం వేయడం, ఇలాంటివి. ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం అంటారు. అందుకే కాగితం మీద "సుస్తుగా ఉంది" అని వదిలేయకుండా, ఏడాది క్రితం చేసిన ఏ పని ఇప్పుడు చేయలేకపోతున్నారో రాయండి. "రోజూ వెయ్యి బీడీలు చుట్టేదాన్ని, ఇప్పుడు సగం కూడా కాదు" అన్న వాక్యానికి ఉన్న బలం వేరు.

మెదడు మొద్దుబారడం చాలామంది ఈ జబ్బుకు సంబంధించినదని అనుకోరు. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో లెక్క తప్పుతుంది. చెప్పబోయే మాట నాలుక చివర ఆగిపోతుంది. చిట్టీ పైసలు ఎవరికి ఇచ్చారో గుర్తుండదు, టీచరమ్మకు క్లాసులో పిల్లవాడి పేరు తట్టదు. "యాది మరుస్తున్న, పిచ్చి లేస్తుందేమో" అని భయపడేవాళ్లున్నారు. నిద్ర చెడిన రోజు, నొప్పి ఎక్కువున్న రోజు ఇది పెరిగి, బాగున్న రోజు తగ్గుతుంది. అలా పెరిగి తగ్గడం కాకుండా నెలనెలకూ దిగజారుతూ పోతుంటే, తెలిసిన దారి తప్పిపోతుంటే, అది వేరే సంగతి. నరాల డాక్టరుకు చూపించాలి.

5. వెంట వచ్చే లక్షణాలు

ఒక్కోదానికి ఒక్కో డాక్టరు దగ్గరికి పోయి, ఒక్కో చీటీ తెచ్చుకుంటారు. అన్నీ ఒకే కాగితం మీదికి వస్తే తప్ప వాటి మధ్య సంబంధం కనబడదు. తలనొప్పి, మైగ్రేన్. కడుపు ఉబ్బరం, పొత్తికడుపు మెలితిప్పడం, ఒకరోజు విరేచనాలు, ఒకరోజు మలబద్ధకం. మాటిమాటికీ మూత్రానికి పోవాలనిపించడం. నెలసరిలో విపరీతమైన నొప్పి. నమిలితే దవడ నొప్పి. చేతులు, కాళ్లు తిమ్మిర్లు. తల తిరగడం. వెలుతురు, శబ్దం, వాసన తట్టుకోలేకపోవడం: గణపతి నిమజ్జనం డీజే వీధి చివర మోగినా గుండెల్లో గుద్దినట్టుంటుంది, ఎండుమిర్చి పోపు ఘాటుకు తల పగిలిపోతుంది.

దిగులు, ఆందోళన కూడా ఈ జాబితాలోవే. ఏళ్లతరబడి నొప్పి ఉండి, ఎవరూ నమ్మకపోతే దిగులు రాకుండా ఎలా ఉంటుంది? దిగులు ఉంది కాబట్టి నొప్పి ఉత్తదే అనడం తప్పు, దిగులును దాచిపెట్టడమూ తప్పే. రెండూ కలిసి ఉన్నప్పుడు రెండింటికీ వైద్యం కావాలి. చచ్చిపోవాలనిపించేంత దిగులుంటే మిగతా మెట్లన్నీ పక్కన పెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు ఉండదు.

మగవాళ్ల గురించి ఒక మాట. ఇది ఆడవాళ్ల జబ్బు అన్న పేరు పడిపోవడంతో మగవాళ్లలో దీన్ని ఎవరూ వెతకరు, వాళ్లూ చెప్పుకోరు. గనిలో పనిచేసే మనిషి "తాకితే నొస్తుంది" అని దోస్తుల ముందు అనగలడా? లక్షణాలు మాత్రం ఇవే.

లెక్క కట్టడం

ఒకప్పుడు 1990 నాటి పద్ధతి ప్రకారం ఒంటి మీద 18 చోట్ల వేలితో నొక్కి, 11 చోట్ల నొప్పి ఉంటే ఫైబ్రోమయాల్జియా అనేవారు. ఇంకా కొందరు డాక్టర్లు అలా నొక్కి చూస్తారు, తప్పేం లేదు. 2010లో వచ్చి 2016లో సవరించిన పద్ధతిలో మాత్రం నొక్కడం అవసరం లేదు, రెండు అంకెలు చాలు.

మొదటిది మీ దగ్గర ఇప్పటికే ఉంది, బొమ్మ మీది నొప్పి లెక్క. రెండోది లక్షణాల తీవ్రత. గడిచిన వారంలో అలసట, సేద తీర్చని నిద్ర, మెదడు మొద్దుబారడం అనే మూడింటికి విడివిడిగా 0 నుంచి 3 వరకు మార్కులు వేయండి. అసలు లేకపోతే 0, కొద్దిగా ఉంటే 1, బాగానే ఇబ్బంది పెడితే 2, బతుకును ఆపేసేంత ఉంటే 3. తర్వాత గడిచిన 6 నెలల్లో తలనొప్పి ఉంటే 1, పొత్తికడుపు నొప్పి ఉంటే 1, దిగులు ఉంటే 1 కలపండి. మొత్తం 12కు మించదు.

నొప్పి లెక్క 7 లేదా అంతకన్నా ఎక్కువ ఉండి తీవ్రత 5 లేదా ఎక్కువ ఉంటే, లేదా నొప్పి లెక్క 4 నుంచి 6 మధ్య ఉండి తీవ్రత 9 లేదా ఎక్కువ ఉంటే ఫైబ్రోమయాల్జియా అనుమానం బలంగా ఉన్నట్టు. ముందు చెప్పిన మూడు నెలలు, ఐదింటిలో నాలుగు భాగాలు అన్న షరతులు కూడా కలవాలి. ఆ భాగాలు లెక్కించేటప్పుడు దవడ, ఛాతీ, కడుపు నొప్పులను పట్టించుకోరు.

ఉదాహరణకు హన్మకొండలో ఒక నలభై ఏళ్ల గృహిణి అనుకుందాం. రెండు భుజాలు, మెడ, పైవీపు, నడుము, రెండు తుంట్లు, రెండు పిక్కలు: నొప్పి లెక్క 9. ఐదు భాగాల్లోనూ ఉంది. అలసట 2, నిద్ర 3, మతిమరుపు 1, తలనొప్పి 1: తీవ్రత 7. నొప్పులు మొదలై ఏడాది. అన్ని షరతులూ కలిశాయి. ఆవిడ డాక్టరుతో "నాకిది ఉందేమో చూడండి" అని గట్టిగా అడగవచ్చు.

అంకె ఒకటి తక్కువైందని జబ్బు లేదనీ, ఎక్కువైందని ఖాయమనీ అనుకోకండి.

6. ఇది కాకపోతే ఏమిటి? అన్నింటికన్నా ముఖ్యమైన మెట్టు

ఒళ్లు నొప్పులతో మొదలయ్యే జబ్బులు చాలా ఉన్నాయి, వాటిలో చాలావాటికి నేరుగా మందు ఉంది. కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు.

థైరాయిడ్ తగ్గితే ఒళ్లు నొప్పులు, అలసట, మతిమరుపు అన్నీ వస్తాయి. దాంతోపాటు బరువు పెరగడం, చలి తట్టుకోలేకపోవడం, జుట్టు రాలడం ఉంటాయి. విటమిన్ డి బాగా తగ్గితే తొడలు, తుంట్లు నొచ్చి కింద కూర్చుని లేవడం కష్టమవుతుంది. బి12 తగ్గితే తిమ్మిర్లు, నడకలో తూలు. షుగరుకు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గే అవకాశం ఉంది. షుగరుతో నరాలు దెబ్బతింటే మంట కాలివేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. కొలెస్ట్రాల్ కోసం వాడే స్టాటిన్ మాత్రలతో కండరాల నొప్పులు రావచ్చు. మాత్ర ఎప్పుడు మొదలుపెట్టారు, నొప్పి ఎప్పుడు మొదలైందన్నది చూసుకోండి. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు, డాక్టరుకు చెప్పండి.

కీళ్లవాతంలో వేళ్ల కణుపులు, మణికట్లు నిజంగా వాస్తాయి. పొద్దున బిగుసుకుపోవడం గంటకు పైగా ఉంటుంది. పాతికేళ్ల కుర్రవాడికి తెల్లవారుజామున నడుము నొప్పితో మెలకువ వచ్చి, నడిస్తే తగ్గి, పడుకుంటే పెరుగుతుంటే అది వెన్నెముక వాతం కావచ్చు. యాభై దాటాక ఉన్నట్టుండి రెండు భుజాలు, రెండు తుంట్లు బిగుసుకుపోతే ఈఎస్సార్ (ఒంట్లో వాపును పట్టే రక్త పరీక్ష) చేయించాలి. చికున్‌గున్యా వచ్చి పోయాక కీళ్ల నొప్పులు నెలలపాటు ఉండగలవు, కాబట్టి ఆ జ్వరం ఎప్పుడొచ్చిందో గుర్తుంటే రాయండి.

ములుగు, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ ఆదివాసీ గూడేల నుంచి వచ్చేవాళ్లు ఒకటి తప్పకుండా అడగాలి: సికిల్‌సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బు) పరీక్ష చేశారా అని. చిన్నప్పటి నుంచి ఎముకలు పగిలినట్టు నొప్పి వచ్చి, కొన్నాళ్లకు పోయి, మళ్లీ వస్తుంటే, కళ్లు పచ్చబడుతుంటే ఆ పరీక్ష అయ్యేదాకా వేరే పేరు పెట్టొద్దు. 2023లో మొదలైన జాతీయ సికిల్‌సెల్ కార్యక్రమంలో దీనికి ప్రభుత్వమే పరీక్షలు చేస్తోంది.

ఇవి ఉంటే ఆలస్యం చేయకండి: సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వాటితో వెన్నులో ఒకేచోట నొప్పి (వెన్నెముక టీబీ ఇలాగే మొదలవుతుంది). కాళ్లలో బలం తగ్గడం, మూత్రం, మలం మీద పట్టు తప్పడం, కూర్చునేచోట స్పర్శ తెలియకపోవడం అయితే అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ఛాతీ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే 108.

ఒక జబ్బు తేలిందని రెండోది లేదనుకోవద్దు. కీళ్లవాతం ఉన్నవాళ్లకూ, థైరాయిడ్ ఉన్నవాళ్లకూ ఫైబ్రోమయాల్జియా ఉండవచ్చు. థైరాయిడ్ మాత్ర వేసి టీఎస్‌హెచ్ సరిగ్గా వచ్చాక కూడా ఒళ్లంతా నొప్పులు అలాగే ఉంటే మళ్లీ అడగాలి.

పరీక్షలు, ఇంజక్షన్లు

ఫైబ్రోమయాల్జియా ఉందని చూపించే రక్త పరీక్ష ఏదీ లేదు. పరీక్షలు చేసేది పైన చెప్పినవి కావని తేల్చుకోవడానికే. రక్తకణాల లెక్క, ఈఎస్సార్, సీఆర్పీ (ఇదీ వాపును పట్టేదే), టీఎస్‌హెచ్, షుగరు, అవసరాన్ని బట్టి విటమిన్ డి, బి12, క్యాల్షియం. చాలామందికి వీటితో సరిపోతుంది. వీటిలో చాలావరకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో, బస్తీ దవాఖానల ద్వారా తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో ఉచితంగా చేస్తారు. "ఫుల్ బాడీ ప్యాకేజీ" పేరుతో వేలు పోయడం నాకైతే దండగ అనిపిస్తుంది. కీళ్లవాతం పరీక్ష, ఏఎన్ఏ (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బుల కోసం చేసేది) జబ్బు లేని కొందరిలో కూడా పాజిటివ్ వస్తాయి. కీళ్లవాపు వంటి ఆనవాలు లేకుండా వాటిని చేయిస్తే లేని భయం కొని తెచ్చుకున్నట్టే.

ఇక ఊళ్లలో ఆర్ఎంపీ దగ్గర వేయించుకునే సూది సంగతి. అందులో ఏముందో అడగండి, పేరు రాయించుకోండి. అది స్టెరాయిడ్ అయి, వేసిన గంటల్లో నొప్పంతా చేత్తో తీసేసినట్టు పోయి కొన్ని రోజులకు మళ్లీ వస్తే, లోపల నిజంగా వాపు జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. ఫైబ్రోమయాల్జియా స్టెరాయిడ్‌కు అలా లొంగదు. కాబట్టి "సూదితో తగ్గిందా, ఎంత తగ్గింది, ఎన్నాళ్లు" అన్నది కూడా కాగితం మీదికి ఎక్కాలి. నెలల తరబడి అలాంటి సూదులు, పొడి మందులు వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం. ఆపిన తర్వాత వచ్చే నీరసం, ఒళ్లు నొప్పులు కూడా ఫైబ్రోమయాల్జియాలాగే కనబడతాయి. ఈ సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు, తిడితే తిట్టనివ్వండి. రోజూ నొప్పి మాత్ర వేసుకునేవాళ్లు కిడ్నీ పరీక్ష కూడా చేయించుకోవాలి.

7. డాక్టరు ముందు

మొదట జనరల్ ఫిజీషియన్ దగ్గరికి పోవడం మంచిది. వరంగల్ ఎంజీఎంలో అయితే జనరల్ మెడిసిన్ ఓపీ. కీళ్లవాతం అనుమానం కలిస్తే రుమటాలజిస్టు కావాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది.

కవరు మొత్తం బల్ల మీద కుమ్మరించకండి. పైన మీ ఒక్క కాగితం పెట్టండి: బొమ్మ, రెండు అంకెలు, నొప్పులు ఎన్నాళ్లుగా ఉన్నాయి, నిద్ర లేచినప్పుడు ఎలా ఉంటుంది, ఏ పనులు ఆగిపోయాయి, ఏ మందులు, సూదులు వాడారు. దాని కింద తేదీల వరుసలో రిపోర్టులు. మాట ఇలా మొదలుపెట్టవచ్చు: "సార్, ఏడాది నుంచి ఒళ్లంతా నొప్పులు. తాకితే కూడా నొస్తుంది. ఎంత పడుకున్నా పడుకున్నట్టు ఉండదు, మతిమరుపు వచ్చింది. థైరాయిడ్, రక్తం నార్మల్. ఫైబ్రోమయాల్జియా అయ్యే అవకాశం ఉందా?" "గూగుల్లో చూశాను" అని మొదలుపెడితే కొందరు డాక్టర్లకు చిర్రెత్తుకొస్తుంది, ఆ ముక్క వదిలేయండి.

వెంట వచ్చేవాళ్లను ఎంచుకోండి. "ఆమెకు రోజూ ఇదే కథ సార్" అనే మనిషికన్నా, మీరు రాత్రి గురక పెడతారో లేదో, పొద్దున ఎలా లేస్తారో చెప్పగలిగే బిడ్డనో చెల్లెనో తీసుకెళ్లడం మేలు.

పేరు తేలితే ఏం లాభం అంటారా? మొదటిది, వెతుకులాట ఆగుతుంది. ఈ జబ్బు కీళ్లను వంకర చేయదు, కండరాలను తినేయదు, ప్రాణం తీయదు. రెండోది, మందు ఉంది. పూర్తిగా పోగొట్టేది కాదు గానీ తగ్గించేది. బలమైన ఆధారం ఉన్నది వ్యాయామానికే: భద్రకాళి బండ్ మీదో, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనో రోజుకు ఐదారు నిమిషాల నడకతో మొదలుపెట్టి వారవారం కొంచెం పెంచడం. మొదటి రోజే గంట నడిస్తే మూడు రోజులు మంచం మీదే. నిద్రకు, నొప్పికి కలిపి తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్, లేదా డ్యులోక్సెటిన్, ప్రెగాబాలిన్ వంటివి డాక్టరు రాస్తారు. "ఇవి డిప్రెషన్ మందులు కదా" అని మెడికల్ షాపులో ఎవరో అన్నారని ఆపేయకండి. నొప్పి కబురును తగ్గించడానికి కూడా వీటిని వాడతారు.

పేరు తేలాక ఒక చిక్కు ఉంది. ఆ తర్వాత ఏ నొప్పి వచ్చినా "అదేలే" అని వదిలేయడం మొదలవుతుంది, మీరూ, ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి డాక్టరూ. అందుకే ఆ మొదటి బొమ్మను పారేయకుండా దాచుకోండి. కొత్తగా ఒకే చోట నొప్పి నిలిచినా, కీలు వాచినా, జ్వరమో బరువు తగ్గడమో కలిసినా పాత బొమ్మ పక్కన కొత్తది గీసుకుని మళ్లీ ఓపీకి పోవాలి.